యుద్ధశాఖ టైపు మిషను గారికి

మహారాజశ్రీ అమెరికా యుద్ధశాఖ టైపు మిషను గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు రాసేదే కుశలం లేని ఇళ్లకు కదా, బాగుండదని మానేశాను.

తమరిని ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో చూశాను. 1998లో వచ్చిన ఆ రెండో ప్రపంచయుద్ధం సినిమా పేరెత్తితే అందరూ అమెరికా సైన్యం ఫ్రాన్స్‌లో దిగిన ఒమాహా బీచ్ గురించే చెబుతారు. ఇరవై నిమిషాలు దాటి సాగే ఆ ఘట్టానికి నాకూ చెమటలు పట్టాయి. కానీ ఆ తర్వాత వచ్చే మీ గది చూసి ఇంకా భయమేసింది. వరసగా బల్లలు, బల్లకో టైపిస్టు, టకటకా టకటకా. చావుకబురు చల్లగా చెప్పడానికి ఇంత పెద్ద ఆఫీసు ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఒకే తల్లికి మూడు ఉత్తరాలు పడేసరికి అక్కడొకామె చెయ్యి ఆగింది. ఫైలు సైన్యాధిపతి జనరల్ మార్షల్ దాకా కదిలింది. మిగిలిన నాలుగో కొడుకు ర్యాన్‌ని వెతికి ఇంటికి పంపమన్నారు. ఒక్కటే అయితే కవరు అంటించి పంపేసేవారు. ఇద్దరు పోయిన తల్లికైతే పాపం, అర్హతకు ఒక్క కొడుకు తక్కువ.

సినిమాలో మార్షల్ గారు 1864 నాటి లింకన్ ఉత్తరం చదివి వినిపిస్తారు. అయిదుగురు కొడుకులూ అంతర్యుద్ధంలో పోయారని బిక్స్‌బీ అనే తల్లికి రాసింది. నిజానికి పోయారని రూఢిగా తెలిసింది ఇద్దరే. అప్పటికి తమరింకా బజారులోకి రాలేదు కనుక ఆ తప్పు తమ ఖాతాలో వెయ్యను.

ఈ కథకు మూలమైన నైలాండ్ అన్నదమ్ముల సంగతి మాత్రం వేస్తాను. 1944 జూన్ 6న రాబర్ట్, మర్నాడు ప్రెస్టన్ నార్మండీలో చనిపోయారు. బర్మాలో ఎడ్వర్డ్ కూడా పోయాడనుకుని, మిగిలిన ఫ్రిట్జ్‌ని ఇంటికి పంపారు. దండేమీ కదల్లేదు, సైన్యంలోని ఓ ఫాదర్ గారే ఆ పని చూశారు. తీరా ఎడ్వర్డ్ జపాన్ వాళ్ల చెరలో బతికే ఉన్నాడు, 1945లో బయటపడ్డాడు. ఆ సంగతి ముందే తెలిసుంటే లెక్క రెండు దగ్గరే ఆగేది. ఫ్రిట్జ్ ఫైలూ అక్కడే ఆగేది.

సినిమాలో ర్యాన్ కోసం వెళ్లిన ఎనిమిది మందిలో మిగిలింది ఇద్దరు. అంటే తమకు మళ్లీ ఆరు ఉత్తరాల పని. ఆరూ వేర్వేరు ఇంటిపేర్లు, వేర్వేరు అడ్రసులు. ఈసారి ఎవరి చెయ్యీ ఆగి ఉండదు.

ఆ ఆరుగురిలో మొదట పోయినవాడు కపార్జో. వానలో పడి ప్రాణం పోతూ, నాన్నకి రాసుకున్న ఉత్తరం తీసిచ్చాడు. దాని నిండా రక్తం. వైద్యం చేసే వేడ్ ఆ రాత్రి చర్చిలో కూర్చుని దాన్ని శుభ్రంగా తిరగరాశాడు. వేడ్ పోయాక అది కెప్టెన్ మిల్లర్ జేబులోకి, మిల్లర్ పోయాక రైబెన్ చేతికి వెళ్లింది. చేరిందో లేదో సినిమా చెప్పదు. తమది మాత్రం చేరే ఉంటుంది, ఆఫీసులో కార్బన్ కాపీతో సహా.

తిరుగుటపాలో జవాబు రాయాలని శ్రమపడకండి. తమ దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతేనే మా ఇంట్లో అందరికీ క్షేమం.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు