నర్సరీ వెబ్‌సైటులో ప్రతి పేజీకీ అట్టడుగున ఉండే పట్టీ, మహారాజశ్రీ ఫుటరు గారి పాదపద్మములకు

పాలకొల్లు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని తమ కాపీరైటు గుర్తు పక్కనున్న సంవత్సరం చూసి అనుకున్నాం. ఈ ఏడాదే వేసి ఉంది కదా, నర్సరీ వాళ్ళు ఎప్పటికప్పుడు అన్నీ సరిచూసుకుంటున్నారని నమ్మాం. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దగ్గర గౌతమి దాటి, బుక్ చేసుకున్న కొబ్బరి మొక్కల కోసం నిన్న మధ్యాహ్నం కడియపులంక వచ్చాం.

తమరిచ్చిన చిరునామాలో సిమెంటు ఇటుకలు పోస్తున్నారు. అక్కడి కుర్రాడు మమ్మల్ని చూసి, మేం నోరు తెరవకముందే, "వెబ్‌సైటు చూసొచ్చారాండి?" అన్నాడు. నర్సరీ ఎప్పుడో ఎత్తేశారట. ఎటు వెళ్ళారో అతనికీ తెలీదు. మ్యాపు బొమ్మ నొక్కితే న్యూయార్క్ చూపించింది. అంత దూరం ఆటో రాదండి.

సరే, ఫోన్ చేద్దామని మళ్ళీ తమ దర్శనానికి కిందకి జరుపుతూ వచ్చాను. తమరు కనబడీ కనబడగానే ఇంకో వరస మొక్కల బొమ్మలు లోడయ్యి తమర్ని కిందకి తోసేస్తాయి. మళ్ళీ జరపడం, మళ్ళీ మాయం. ఫుటరు పెట్టిన పేజీకి అంతులేని స్క్రోలు కూడా పెట్టిన మేధావికి వేరే ఉత్తరం రాస్తాను. చివరికి స్క్రీన్‌షాట్ తీసి పట్టుకున్నా. నంబరును బొమ్మలో గీసి పెట్టారు. నొక్కితే కాల్ వెళ్ళదు, కాపీ అవదు, చూపులేని వాళ్ళకు చదివిపెట్టే స్క్రీన్ రీడరుకు అందదు. పోనీ కాగితం మీద రాసుకుందామంటే తొమ్మిదే అంకెలు!

కాపీ చేద్దామని వేలు నొక్కి పట్టుకున్నప్పుడు మాత్రం తమ లోపలి గుట్టు బయటపడింది. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ అక్షరాలు. బెస్ట్ నర్సరీ ఇన్ అమలాపురం తూర్పు గోదావరి, బెస్ట్ నర్సరీ ఇన్ రాజోలు తూర్పు గోదావరి, తణుకు, భీమవరం, నరసాపురం... కోనసీమ 2022 ఏప్రిల్ 4నే వేరే జిల్లా అయిపోయిందండీ. అయినా ఇదంతా ఎవరి కోసం? మనుషులకు దాచి సెర్చ్ ఇంజన్‌కు చూపించే రాత స్పామ్ అని గూగుల్ నియమాల్లోనే ఉంది. ర్యాంకు కోసం ఊళ్ళ పేర్లు కుప్పపోయడాన్ని అక్కడ ఉదాహరణగా కూడా ఇచ్చారు. ఫేస్‌బుక్ బొమ్మ నొక్కితే పేజీ పైకి విసిరేసింది. సరిగ్గా పనిచేసిన లింకు ఒక్కటే, సైటు చేసినవాడిది.

ఇవన్నీ మింగుతానండి. సంవత్సరం సంగతే మింగుడు పడటం లేదు.

ఇంటికొచ్చాక మా మేనల్లుడు చెప్పాడు. అది ఎవరూ కూర్చుని మార్చే అంకె కాదట. ఒక్క లైను కోడ్. చూసేవాడి ఫోన్లో ఏ తేదీ ఉంటే అందులోంచి సంవత్సరం తీసి వేసుకుంటుందట. నమ్మక నా ఫోన్లో తేదీ 2035కి మార్చి చూశాను. తమరూ 2035 అయిపోయారు! అంటే నా గడియారాన్నే నాకు చూపించి, నర్సరీ బతికే ఉందని నమ్మించారు. పైగా మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ గుర్తూ అంకే లేకపోయినా హక్కు ఎక్కడికీ పోదు. అక్కర్లేనిదాన్ని ఏటా తాజాగా ఉంచడానికి కోడ్ రాయించుకున్నావు, చిరునామా దిద్దడానికి మాత్రం నీకు మనిషి దొరకలేదు. ఇల్లు కూలిపోయినా గుమ్మానికి ఏటా మామిడాకులు కట్టినట్టుంది నీ వ్యవహారం.

నీకున్న చోటు ఎంత మంచిదో నీకు తెలుసా? సైటులో ప్రతి పేజీకీ నువ్వే అడుగున ఉంటావు. వెతికి విసిగినవాడు చివరికి నీ దగ్గరికే వస్తాడు. చిరునామా నీలో ఒక్కసారి దిద్దితే సైటంతా దిద్దినట్టే. గూగుల్ మ్యాపులో ఉన్న పేరు, చిరునామా, నంబరే అక్షరం పొల్లుపోకుండా నీలోనూ ఉంటే మాకూ ధైర్యం, సెర్చ్ ఇంజన్‌కూ గందరగోళం ఉండదు. తెరిచే వేళలు, డెలివరీ, రీఫండ్ లింకులు, అంతే. ఆ ఊళ్ళ జాబితా పీకి కాలవలో పారెయ్.

అడ్వాన్సు ఆన్‌లైన్లోనే లాగారు కాబట్టి ఇంకో మాట. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి. అధికారి పేరుండాల్సిన చోట నువ్వు "మీ పేరు ఇక్కడ" అని పెట్టుకున్నావు. ఫ్యాక్సు నంబరు కూడా ఇమ్మంటుంది ఆ రూలు. అంత ఆశ మాకు లేదు. పది అంకెలున్న సెల్ నంబరు ఒకటి పడెయ్, చాలు.

ఇట్లు,
అడ్వాన్సు కట్టినవాడు