అద్దం దించని కారు, ఆగని లైవ్

కుంభకోణంలో ఇరుక్కున్న నాయకుడు ఇంటినుంచి విచారణకు బయల్దేరేటప్పుడు మన న్యూస్ చానళ్లు ఇచ్చే లైవ్‌ను బాధ్యతగల పౌరులంతా భక్తిశ్రద్ధలతో చూడాలని మనవి. పరిశోధనాత్మక జర్నలిజం అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

"గేటు తెరుచుకుంది." "తెరుచుకుందంటారా?" అని స్టూడియోలోంచి యాంకరమ్మ. "స్పష్టంగా తెరుచుకుంది." మొదటి కారులో ఆయన లేరు, రెండో కారులోనూ లేరు. మూడో కారు అద్దాలు నల్లగా ఉన్నాయి కాబట్టి ఉండే అవకాశం ఉంది. రిపోర్టరు ఆ అద్దానికి మైకు ఆనించి "సార్, ఏమంటారు సార్" అంటూ పరుగెడుతున్నాడు. అద్దం ఏమీ అనలేదు. వెంటనే స్క్రోలింగ్: "మౌనం వీడని నేత". కాన్వాయ్ పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కింది. దీన్నెలా చూడాలి? విశ్లేషకుడు గొంతు సవరించుకున్నారు: "కింద నుంచి వెళ్లొచ్చు కదండీ, పైనుంచి వెళ్లారంటే అధిష్ఠానం భరోసా దొరికినట్టే." లోపల గంటల తరబడి విచారణ. ఏం అడిగారో, ఏం చెప్పారో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నారని మాత్రం విశ్వసనీయ వర్గాల భోగట్టా.

చార్జిషీటు చదివిన నరమానవుడు మాత్రం ఆ చర్చలో ఒక్కడూ ఉండడు.

రిమోట్ మీద ఒక్క నొక్కు నొక్కండి, అదే కారు, అదే ఫ్లైఓవర్. కాకపోతే ఇక్కడ అది కక్షసాధింపు. ఇంకో నొక్కు నొక్కితే కోస్తాలో వర్షాలు.

ఈ విద్యలో మనం ఎప్పుడు పండిపోయామో గుర్తుందిగా. 2015 మే 31న, ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు కోసం నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌కు 50 లక్షలు ఇవ్వజూపారంటూ తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని ఏసీబీ అరెస్టు చేసింది. వారం తిరిగేసరికి ఆడియో టేపొకటి టీవీలకెక్కింది. ఆ గొంతు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిదేనని ఒకవైపు చానళ్లు. అసలు ఫోన్ ఎవరు విన్నారు, ఎందుకు విన్నారని రెండోవైపు. ఒక్క టేపు, రెండు కుంభకోణాలు! ఒకరికి ఓటుకు నోటు, ఇంకొకరికి ఫోన్ ట్యాపింగ్. రెండూ నిగ్గు తేల్చాల్సినవే కదా అన్న చానల్ మాత్రం నాకు కనపడలేదు. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి తెలంగాణ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మరుసటి ఏడు కూడా, ఓటుకు నోటు కేసు విచారణను భోపాల్‌కు మార్చాలా వద్దా అని సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. వాటి మీద ప్రైమ్‌టైమ్ చర్చ ఏదైనా చూసినవారుంటే చేతులెత్తండి.

నాయకుల మీద జనానికి నమ్మకం పోయిందని సంపాదకీయాలు తెగ వాపోతుంటాయి. ఎక్కడ పోయిందండీ, ఎవరి నాయకుడి మీద వాళ్లకు దిట్టంగా ఉంది! ఎంత పెద్ద అవినీతి బయటపడ్డా "ఆ చానలోడు చెప్పిందేగా" అన్న ఒక్క మాటతో కొట్టుకుపోతోంది. దొంగకు ఇంతకంటే మంచి ప్లీడరు దొరుకుతాడా?

2010లో పెయిడ్ న్యూస్ మీద, అంటే డబ్బు తీసుకుని వార్తల్లా అచ్చేసే ప్రచారం మీద, ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 71 పేజీల నివేదిక రాసింది. రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. అందులో పత్రికల పేర్లున్నాయి. కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి, పేర్లు తీసేసి, పొట్టిది విడుదల చేసింది. అందరి దొంగతనాలూ రాసేవాళ్ల సంగతి కదా, మర్యాద పాటించారు.

సరే, యజమానులు వాళ్ల వ్యాపారం వాళ్లు చేసుకుంటారు. కానీ మండలంలో అర్ధరాత్రి ఇసుక లారీలను ఫొటో తీసే కంట్రిబ్యూటర్ సంగతేంటి? వాడికి జీతం లేదు. వార్తకింతని విదిలించేది పెట్రోలుకు చాలదు. ఏ కాంట్రాక్టరు లారీలు ఫొటో తీశాడో, సంక్రాంతికి ఆయన దగ్గరికే శుభాకాంక్షల యాడ్ కోసం వెళ్లి చేతులు కట్టుకుని నిలబడాలి. వార్త పంపితే డెస్కునుంచి ఫోను: "ఆయనది ఫుల్ పేజీ ఉంది తమ్ముడూ, కాస్త ఆగు." ఆ రాత్రి లారీవాళ్లు వాడి చెయ్యి విరగ్గొడితే, "మావాడు కాదు, కేవలం కంట్రిబ్యూటర్" అని కబురు చేసే సిగ్గులేని సంస్థలివి! యాడ్ల టార్గెట్ అందుకోకపోతే మైకు లోగో వెనక్కి ఇచ్చెయ్యమంటారు. కొన్నిచోట్ల ఆ లోగోకు డిపాజిట్ కట్టింది కూడా వాడే.