ఆ వెనక పేజీల కోసమే కొనేవాణ్ణి
పాత కార్ల వారపత్రిక ఇంకా అచ్చులో రావడం దండగ, అంతా ఫోన్‌లోనే ఉంది కదా అని మీరు రాశారు, ఆ ఒక్క మాట మాత్రం నాకు ఎక్కలేదు. వార్తల వరకైతే నిజమే, వేలంలో ఏ కారు ఎంతకు పోయిందో తెలుసుకోవడానికి వారం ఆగే ఓపిక ఎవరికుంది. కానీ ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్లూ నేను క్లాసిక్ కార్ వీక్లీ కొన్నది వెనక పేజీల్లోని చిన్న ప్రకటనల కోసం. ఫోన్ మనం వెతికిందే చూపిస్తుంది, పేపర్లో అయితే ఒకదాని కోసం చూస్తూ ఇంకోదాని దగ్గర ఆగిపోతాం, నాకు మారిస్ మైనర్ అనే పాత చిన్న కారు అలాగే దొరికింది. అమ్మినాయన తుప్పే లేదన్నాడు, నేనూ పైన పెయింటు మెరుపు చూసి నమ్మేశాను, ఇంటికొచ్చి కార్లోని కార్పెట్ ఎత్తితే కింద రోడ్డు కనిపించింది (నవ్వకండి). ఆ బండికి ముందు చక్రాలు పక్కకు తిరిగేలా పట్టి ఉంచే ట్రనియన్లనే కీళ్లకు తరచూ గ్రీజు పెట్టకపోతే అవి అరిగిపోయి, చక్రం ఒక్కసారిగా ఒరిగిపోతుందన్న సంగతి కూడా ఆ పత్రికలో చదివే తెలుసుకున్నాను, కాకపోతే కొన్న తర్వాత. అక్కడ 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, మామూలు జీతగాళ్లు కూడా ఒక పాత బండి ఉంచుకోవడానికి అదీ ఒక కారణమే. మన అంబాసిడర్ కూడా మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే, 2014 దాకా తయారైంది. మా నాన్న అంబాసిడర్‌కు పార్టు కావాలంటే మాత్రం అలాంటి ప్రకటనల పేజీ కాదు, ఇప్పటికీ మెకానిక్ నోటిమాటే దిక్కు.