సవరణ: లాం మిర్చి పరిశోధనకు జెడ్పీ డబ్బు విషయం

‘ఐరోపాలో లాగా గుంటూరు జెడ్పీ (జిల్లా పరిషత్) కూడా లాం పరిశోధన కేంద్రంలో జరిగే మిర్చి పరిశోధనను అభివృద్ధి నిధులతో ముడిపెట్టాలి’ అని మొన్న రాశాను. జెడ్పీయే చెక్కు రాసిస్తుందని కొందరు అర్థం చేసుకున్నారు. అలా కాదు.

ఐరోపాలో 2015 నుంచి, పరిశోధన నిధుల కోసం జరిగే పోటీలో మంచి మార్కులొచ్చినా బడ్జెట్ చాలక ఆగిపోయిన ప్రాజెక్టుకు ‘సీల్ ఆఫ్ ఎక్సలెన్స్’ ఇస్తున్నారు. అది ముద్రే, డబ్బు కాదు. ప్రాంతీయ నిధి చూసే అధికారులు ఒప్పుకుంటేనే పైసలు.

ఇక్కడ ఆ వీలూ తక్కువే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన పంచాయతీ గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించారు. మిగిలిన దాన్ని జీతాలకు వాడకూడదన్నారు. (వీధి దీపాలు, కాలువ పూడిక పోగా మిగిలేదెంతో సర్పంచుల్నే అడగండి!)

నేనన్నది ప్లాన్ గురించి. రాజ్యాంగం 243-జెడ్‌డి అధికరణం ప్రకారం పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికల్ని కలిపి ముసాయిదా తయారుచేసేది జిల్లా ప్రణాళికా కమిటీ. 2021లో నల్ల తామర పురుగులు మిర్చి పూతంతా రాల్చేశాయి కదా, అలాంటి పురుగును తట్టుకునే రకాల ట్రయల్స్ ఏ మండలాల్లో కావాలో అందులో రాయించాలి. ఆ కాగితం పట్టుకుని కేంద్ర వ్యవసాయ పథకమైన రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద డబ్బు అడగాలి. అక్కడ మంజూరు చేసేది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్ర కమిటీ, జెడ్పీ కాదు.