తాతగారి కప్పు అడుగున ఏం రాసుంది?

మొన్న ఆదివారం బరంపురంలో మా తోడల్లుడుగారి కొత్త ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళాం. ఫ్లాట్ చూపించలేదు, క్రాకరీ యూనిట్ చూపించారు. డైనింగ్ టేబుల్ పక్కన గోడంతా అదే. గాజు తలుపులు, లోపల లైట్లు, పైగా తాళం. ఆయన గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడి, గొంతు తగ్గించి "మా తాతగారి రంగూన్ పింగాణీ, తమ్ముడూ" అన్నారు.

గంజాం జిల్లాలో పుట్టిన ప్రతి తెలుగువాడికీ రంగూన్‌లో ఒక తాత ఉంటాడు, అది నేను కాదనను. గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి బతకడానికి పోయినవాళ్ళు వేలమంది. అక్కడ రేవులో బస్తాలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. మనవడు షోకేసు కట్టించేదాకా వాళ్ళు కూలీలే. కట్టించిన మర్నాటి నుంచీ దొరలతో కూర్చుని టీ తాగినవాళ్ళైపోతారు.

1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, 1942 మార్చికల్లా ఊరు వాళ్ళ చేతికి పోయింది. లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ పడి అరకాన్ వైపు, మణిపూర్ వైపు నడిచారు. తాతగారూ నడిచారట, నెత్తి మీద ఇరవైనాలుగు ముక్కల టీ సెట్టుతో. దారంతా బురద, జలగలు, కలరా. పోయినవాళ్ళని దారిపక్కనే వదిలేసి ఉన్నవాళ్ళు ముందుకి నడిచిన నడక అది. సాసర్ అంచు మాత్రం పెచ్చు ఊడలేదు!

నాకో దురలవాటుంది, కప్పు చేతికొస్తే తిరగేసి చూస్తాను. అడుగున 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంది. యుద్ధంలో ఓడిన జపాన్ అమెరికా వాళ్ళ అదుపులో ఉన్నప్పుడు, 1947 నుంచి 1952 దాకా, ఎగుమతి సరుకు మీద వేసిన ముద్ర అది. అంటే తాతగారు 1942లో ముందుగా వచ్చేశారు, కప్పులు వెనకాల దేక్కుంటూ ఒక ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చాయన్నమాట. ఆ మాటే అంటే ఆయనేం తొణకలేదు. "అయితే ఇది చూడు" అని నీలం రంగు చెట్టూ వంతెనా ఉన్న ప్లేటు తీసిచ్చారు. ఇదీ తాతగారిదే, చైనా రాజుల కాలం నాటి పనితనమట. (ఆ బొమ్మని కల్పించింది ఇంగ్లండు వాళ్ళు, పోనివ్వండి.) తిరగేశాను. 'మైక్రోవేవ్ సేఫ్'. తాతగారు మహా ముందుచూపు గల మనిషి.

పై అరలో చిన్న వెంకటేశ్వరస్వామి. కోడిగుడ్డు గడప దాటని ఇల్లు కదా. స్వామి పక్కనే బోన్ చైనా సెట్టు, పశువుల ఎముకలు కాల్చిన బూడిద కలిపి చేసేది. చెప్పబోయి ఆగాను, టీ ఇంకా రాలేదు.

వచ్చింది. పేపర్ కప్పులో.

సరే, ఆ ఇంట్లో నిజంగా పొయ్యి ముందు కూర్చుని వండినావిడ, నాయనమ్మగారు, వాడిన రాచ్చిప్పా, ఇత్తడి గుండిగా, కంచు గిన్నెలూ ఏవని అడిగాను. "ఫ్లాట్లో చోటెక్కడ తమ్ముడూ, కిలోల లెక్కన తూకానికిచ్చేశాం" అన్నారు. అలాంటి కంచు గిన్నే ఒకటి ఆన్‌లైన్లో 'వింటేజ్' అని కొని రెండో అరలో పెట్టారు, దానికీ లైటుంది.

చెయ్యి కడుక్కుందామని వెనక బాల్కనీలోకి వెళ్ళాను. పనిచేసే ఆవిడ చీపురు పక్కన పెట్టుకుని, నేల మీద కూర్చుని టీ తాగుతోంది. చెవి ఊడిపోయిన కప్పు. తాగాక తనే కడిగి వాషింగ్ మెషిన్ వెనక, పైపు మీద బోర్లించింది. ఆ కప్పుని ఇంకెవరూ ముట్టుకోరు. తాతగారి అమ్మ కాలంలో అది పెరటి గోడ మీద ఉండేది. పెరడు పోయి బాల్కనీ వచ్చింది, రాచ్చిప్ప తూకానికి పోయింది, ఇది మాత్రం ఎక్కడికీ పోలేదు, తరం తప్పకుండా చేతులు మారుతూనే వచ్చింది. దీనికి లైటు పెట్టరేం? దీన్ని చూపించి "మా తాతల నాటిది, తమ్ముడూ" అనరేం? షోకేసులో ఇరవైనాలుగు ముక్కలూ వారం వారం తీసి తుడిచేది ఆవిడేనట. తుడవొచ్చు, తాగకూడదు. ఆవిడ చేత్తో కడిగిన ప్లేటులో మనం తినొచ్చు, ఆవిడ నోరు పెట్టిన కప్పు మన కప్పుల్లో కలవకూడదు. థూ, ఏం బతుకులండీ మనవి!

ఇదంతా ఆయన మొహం మీదే అన్నాననుకునేరు. లేదు. పేపర్ కప్పు చెత్తబుట్టలో పడేసి, "చాలా బావుంది అన్నయ్యా" అని వచ్చేశాను.

ఇంటికొచ్చి మంచినీళ్ళకని వంటింటి కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు అందుకున్నాను. "అయ్యో, అది కాదు, అది కాదు" అని మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. తిరగేసి చూశాను. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఉంది.