రీస్టార్ట్ స్వామి మహిమ

బెంగళూరు మారతహళ్లిలోని మా ఆఫీసులో అందరూ కొలిచే దైవం ఒక్కటే, రీస్టార్ట్. లైనక్స్ సర్వర్‌లోని వర్చువల్ మెషిన్‌కు (సర్వర్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌కు) నెట్‌వర్క్ అందడం లేదని ఎవరైనా అనడం ఆలస్యం, ప్రధాన అర్చకులైన మా టీమ్ లీడ్ గారు అరమోడ్పు కన్నులతో "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడు బాబూ" అని సెలవిస్తారు.

ఆ బాబు అనంతపురం నుంచి వచ్చి ఏడాదయింది. పాపం, చేశాడు. మెషిన్‌ను, సర్వర్‌ను, చివరికి మెషిన్‌ను బయటి నెట్‌వర్క్‌తో కలిపే బ్రిడ్జ్‌నే విప్పి మళ్లీ కట్టాడు. ప్యాకెట్లు (డేటా పొట్లాలు) నెట్‌వర్క్‌లో గిరగిరా తిరగకుండా చూసే ఎస్‌టీపీ వేసి ఉంటే బ్రిడ్జ్ పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుందని చదివి, ఎందుకైనా మంచిదని అరగంట కూర్చున్నాడు. మెషిన్ నుంచి సర్వర్‌కు పింగ్, అంటే "ఉన్నావా?" అనే పలకరింపు, వెళ్తోంది. బయటి నెట్‌వర్క్‌కు ద్వారమైన గేట్‌వే ఎక్కడుందని, చిరునామా వాకబు చేసే ఆర్ప్ అడిగితే జవాబూ వస్తోంది. గేట్‌వేకు పింగ్ మాత్రం పోదు.

అచ్చం మా అపార్ట్‌మెంట్ గేటు భాగోతమే. "302లో ఉన్నారా అమ్మా?" అని ఇంటర్‌కమ్‌లో అడుగుతారు. "ఉన్నాం, పంపించండి" అంటుంది మా ఆవిడ. బిర్యానీ మాత్రం పైకి రాదు. గేటు దగ్గర కొత్త గార్డు. లోపలికి పంపడు, సరే. "కుదరదు, వెళ్లిపో" అంటే కుర్రాడు వెళ్లిపోయేవాడు కదా! అనడు. పొట్లం అందుకుని చెత్తబుట్టలో పడేసి, ఆకాశం వంక చూస్తూ నిలబడతాడు. పైన మేము కంచాలు ముందు పెట్టుకుని కూర్చుంటాం. హోటల్‌వాడు పంపేశానంటాడు. గార్డును అడిగితే అసలు ఎవరూ రాలేదంటాడు. లైనక్స్‌లో ప్యాకెట్లకు కాపలా కాసే ఐపీటేబుల్స్ భాషలో దీన్నే డ్రాప్ అంటారు.

మా సర్వర్‌లో ఇలాంటి గార్డును పెట్టినది ఎవరో మూడో రాత్రి తేలింది. ప్యాకెట్ల రాకపోకలు చూపించే టీసీపీడంప్‌తో చూస్తే మెషిన్ వైపు పోర్టులో కనిపించిన ప్యాకెట్ నెట్‌వర్క్ కార్డు దగ్గర లేదు. అదే సర్వర్‌లో ఎవరో కంటైనర్ల (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే) సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అది బీఆర్_నెట్‌ఫిల్టర్ అనే లైనక్స్ భాగాన్ని లేపి, బ్రిడ్జ్ మీద పోయే ప్యాకెట్లను ఐపీటేబుల్స్ ముందు నిలబెట్టి, సర్వర్ గుండా అవతలికి పోయే ప్యాకెట్ల దారి అయిన ఫార్వర్డ్‌ను డ్రాప్‌కు మార్చింది. ఆర్ప్ ఐపీటేబుల్స్ కంట పడదు కనుక బతికిపోయింది. సర్వర్ లేచిన ప్రతిసారీ ఆ సాఫ్ట్‌వేరూ లేచి గేటు మూస్తుంది. అంటే మూడు రోజులుగా మనం కొబ్బరికాయ కొట్టినది ఆ తాళానికే.

ఎక్కించినది ఎవరు? లీడ్ గారే. ఎవరికీ ఒక ముక్క చెప్పకుండా. పైగా రెండో రోజు మీటింగులో పదిమంది ముందు "నీకు ఫండమెంటల్స్ లేవు" అన్నది ఈ కుర్రాణ్నే. అయ్యా, తాళం వేసింది మీరు. ఒక్క కమాండ్ కొట్టి చూడని చేతులు మీవి. నిద్ర మానుకుని, అన్నం మానుకుని, నిజంగా తప్పు తనదేనేమోనని వాడు నా ముందు కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గుండాలి.

ఆ బ్రిడ్జ్ రాకపోకలకు అనుమతిస్తూ ఒక నియమం రాసి, సర్వర్ లేచినప్పుడల్లా అది అమలయ్యేలా బూట్‌లోనూ వేసిపెట్టాడు కుర్రాడు. తెల్లవారి లీడ్ గారు వచ్చి, నమ్మకం కుదరక, స్వహస్తాలతో సర్వర్‌ను రీస్టార్ట్ చేశారు. పింగ్ వెళ్లింది.

"చూశావా బాబూ," అన్నారు, "నేను మొదటి రోజే చెప్పాను."