పాత కారు కొన్నారా? కార్బురేటర్ జోలికి చివర్లో వెళ్ళండి

క్లాసిక్ కారు కొత్తగా కొన్నవాళ్ళలో చాలామంది మొదట చేసే పని బానెట్ ఎత్తి, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ స్క్రూలు తిప్పడం. ఐడ్లింగ్ నిలవకపోయినా, పికప్ లేకపోయినా, నల్లటి పొగ వచ్చినా నింద దానిమీదే పడుతుంది. పైనే చేతికందేలా ఉంటుంది, తిప్పగానే ఇంజిన్ శబ్దం మారుతుంది, ఏదో బాగుచేశామన్న తృప్తి కలుగుతుంది. కానీ ట్యూనప్‌లో, అంటే ఇంజిన్ సెట్టింగులు సరిచేసే పనిలో, అన్నింటికన్నా చివర ముట్టుకోవాల్సింది దాన్నే. అసలు ట్యూనప్ కన్నా ముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి ఇంజిన్‌లో కాదు, బ్రేకుల్లో, టైర్లలో, పెట్రోల్ పైపుల్లో ఉన్నాయి.

ముందుగా బ్రేకులు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరాక ఉండాల్సిన కనీస ప్రమాణం 155 డిగ్రీలే. కొండ దిగుతూ ఎక్కువసేపు బ్రేక్ నొక్కితే ఆ తేమ ఆవిరవుతుంది, పెడల్ మెత్తబడి కిందకి పోతుంది. పైగా 1960ల నాటి చాలా కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ ఆయిల్ సర్క్యూట్. ఒక్కచోట లీకైనా ఫుట్ బ్రేక్ మొత్తం పోయినట్టే. రబ్బరు హోస్ పైపులు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోయి ఉంటాయి. అప్పుడు ప్రెషర్ వెళ్తుంది కానీ తిరిగి రాదు, చక్రం పట్టేసి వేడెక్కుతుంది. ఎప్పుడు మార్చారో తెలియని హోస్‌లను చూపుతో అంచనా వేయకుండా మార్చేయాలనే నేను గట్టిగా చెబుతాను. ఆయిల్ పోసేముందు బండికి ఏ రకం సరిపోతుందో మాన్యువల్‌లో చూడండి. సిట్రోయెన్ డీఎస్ తొలి మోడళ్ళు ఎర్ర ద్రవంతో, తర్వాతివి ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే సీళ్ళు పాడవుతాయి.

టైరు గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు. టైరు పక్క గోడమీద ఉండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. మూడే అంకెలుంటే 2000కి ముందుది, మారు ఆలోచన లేకుండా తీసేయాలి. పెట్రోల్ పైపుల సంగతీ అంతే. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాతకాలపు రబ్బరు తట్టుకోదు, మెత్తబడి పగుళ్ళిస్తుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌ను తట్టుకునే పైపు వేసి, కారులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకున్నాకే మిగతా పని.

ఇప్పుడు ఇంజిన్. ఇక్కడ వరుస ముఖ్యం, ఎందుకంటే ఒక సెట్టింగ్ ఇంకోదాన్ని కదిలిస్తుంది. మొదట కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు ఏర్పడే ఒత్తిడి, చూడాలి. ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఏ ట్యూనింగూ దాన్ని సరిచేయదు. తర్వాత వాల్వులను తెరిచే ట్యాపెట్లు. వాటి దగ్గరి గ్యాప్‌లు (క్లియరెన్స్‌లు) సెట్ చేసి వదిలేయకుండా, ముందు ఎంతున్నాయో రాసిపెట్టుకోవాలి. సీసం కలిపిన పెట్రోల్ కోసం తయారైన ఇంజిన్లలో వాల్వ్ సీట్లు మెత్తగా ఉండొచ్చు. సీసం లేని పెట్రోల్‌తో గట్టిగా నడిపితే అవి అరుగుతాయి, ఎగ్జాస్ట్ వాల్వ్ లోపలికి దిగుతుంది, చూసిన ప్రతిసారీ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. పాత అంకెలు కాగితం మీద ఉంటేనే ఈ జబ్బు కనబడుతుంది.

ఆ తర్వాత ఇగ్నిషన్. 20వ శతాబ్దం మొదట్లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన, స్పార్క్ కోసం కరెంటును తెంచే చిన్న స్విచ్ లాంటి పాయింట్ల పద్ధతి 1970ల దాకా చాలా కార్లలో నడిచింది. పాయింట్ల గ్యాప్ చాలా బళ్ళలో 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి కచ్చితమైన అంకె మాన్యువల్‌దే. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, అంటే టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) అడ్వాన్స్ అవుతుంది, ముందుకు జరుగుతుంది. తగ్గితే రిటార్డ్ అవుతుంది, వెనక్కి జరుగుతుంది. టైమింగ్ సెట్ చేశాక పాయింట్లు ముట్టుకుంటే చేసిన పనంతా వృథా. గ్యాప్ పెట్టి, ఆ తర్వాతే టైమింగ్ లైట్ పట్టాలి. అప్పుడు, ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ పైపు తీసి మూయాలా వద్దా అన్నదీ మాన్యువలే చెబుతుంది. ఇవన్నీ అయ్యాక, గాలి లీకులు లేవని తేల్చుకున్నాక కార్బురేటర్. చాలాసార్లు అప్పటికి దానికి పెద్దగా చేయాల్సిందేమీ మిగలదు.

మిస్సింగ్ ఉందని ప్లగ్గులు, క్యాప్, రోటర్, కండెన్సర్, కాయిల్ అన్నీ ఒకేసారి మార్చేయడం నాకు అసలు నచ్చని అలవాటు. తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు. కొత్త భాగమే నాసిరకం అయితే, బాగున్న పాతది తీసేసి కొత్త జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. ఒకటి మార్చి, నడిపి చూసి, రెండోదానికి వెళ్ళాలి. తీసిన ప్లగ్గులు కూడా చాలా చెబుతాయి. లేత గోధుమరంగైతే మంచిది, పొడిమసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే మిశ్రమం పలచన లేదా విపరీతమైన వేడి, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం తప్పు కాదు, కాకపోతే పాయింట్లతో బండి సరిగ్గా నడుస్తోందని తేలాకే పెట్టాలి.

ఆయిల్స్ విషయంలో ఒక్క జాగ్రత్త. గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులున్న పాత గేర్‌బాక్సుల్లో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కన్నా జీఎల్-4 రకం సురక్షితం. క్యామ్ మీద నేరుగా రాసుకునే ఫ్లాట్ ట్యాపెట్లున్న ఇంజిన్లకు, అరుగుదలను తగ్గించే జింక్ తగినంత ఉన్న ఆయిల్ ఎంచుకోవాలి. ఆధునిక కార్ల ఆయిల్స్‌లో చాలావాటిలో అది తగ్గించేశారు.

కొత్త పాయింట్లు వేస్తే, డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌కు రాసుకునే వాటి ఫైబర్ హీల్ మొదట్లో త్వరగా అరుగుతుంది. దాంతో గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది. అందుకే క్యామ్ మీద కాస్త గ్రీజు రాసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గ్యాప్, టైమింగ్ రెండూ అదే వరుసలో మళ్ళీ చూడాలి.